మనసులోని భాగాలతో మాట్లాడడం ఎలా

"ఒక మనసు వెళ్ళమంటోంది, ఇంకో మనసు వద్దంటోంది" అని మనం తరచూ అంటాం. ఇలాంటి లోపలి గొంతులను శ్రద్ధగా వినే 'ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్' అనే పద్ధతిని అమెరికాకు చెందిన కుటుంబ చికిత్సకుడు రిచర్డ్ ష్వార్ట్జ్ 1980లలో రూపొందించారు. ఆయన దృష్టిలో ప్రతి భాగమూ మన మేలు కోరేదే: కొన్ని ముందుజాగ్రత్తతో మనల్ని అదుపులో ఉంచుతాయి, మరికొన్ని బాధ ఉబికినప్పుడు తిండితోనో మద్యంతోనో దాన్ని ఆర్పజూస్తాయి, ఈ రెండు రకాలూ కాపాడుతున్నది లోపల దాగిన గాయపడ్డ భాగాలను.

సాధనకు ఇటీవలి చిన్న చిరాకునే ఎంచుకోండి. ఉదాహరణకు, "నీ వల్ల కాదు" అని గద్దించే గొంతును తీసుకుని, అది శరీరంలో ఎక్కడ బిగుతుగా తెలుస్తోందో గమనించండి. తరువాత, దానిపట్ల మీకేమనిపిస్తోందో మిమ్మల్ని మీరే అడగండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా కీలకమైన ప్రశ్న ఇదే. అసహ్యమో కోపమో కలిగితే అది మరో భాగం మాట్లాడుతున్నట్లే కనుక, దాన్ని కాసేపు పక్కకు జరగమని మర్యాదగా కోరండి. కుతూహలం కలిగాక మాత్రమే మొదటి గొంతును, "ఈ పని మానేస్తే ఏమవుతుందని భయపడుతున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా తొందరపెట్టకుండా వేచి ఉండి, ఇన్నాళ్ళ దాని శ్రమకు కృతజ్ఞత చెప్పండి.

బాల్యపు గాయాల దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్ళకండి, అందుకు శిక్షణ పొందిన చికిత్సకుల తోడు తప్పనిసరి. తట్టుకోలేని బాధ కలిగితే సాధన ఆపి, భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి.