బ్రిటన్‌లో కొత్తగా దిగారా? మీ టీవీలో మీ ప్రాంతపు వార్తలే వస్తున్నాయో లేదో చూసుకోండి

ఇల్లు అద్దెకు తీసుకుని టీవీ పెట్టుకున్నాక చాలామంది బీబీసీ వన్‌లో సాయంత్రం ఆరు గంటల వార్తలు చూసి కట్టేస్తారు. మీకు నిజంగా పనికొచ్చే వార్తలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఆరున్నరకు లండన్ స్టూడియో వాళ్లు "ఇక మీ ప్రాంతపు వార్తలు" అనగానే ఒక్కో ప్రాంతంలో ఒక్కో బులెటిన్ వస్తుంది. ఆ అరగంట ప్రాంతీయ కేంద్రం జాతీయ ప్రసారం నుంచి పక్కకు తప్పుకుని తన వార్తలు తను వేసుకుంటుంది, తర్వాత సెకన్లతో సహా లెక్క చూసుకుని మళ్లీ వచ్చి కలుస్తుంది. ఇక్కడివాళ్లు దీన్ని ఆప్ట్-అవుట్ అంటారు. మన పేపర్లలో మెయిన్ ఎడిషన్‌తో పాటు వచ్చే జిల్లా టాబ్లాయిడ్ లాంటిదే ఇదీ. కానీ పేపర్ మీ అడ్రస్‌కు వస్తుంది. ఏరియల్‌తో, అంటే యాంటెనాతో, చూసే టీవీకి మీ అడ్రస్ తెలియదు. మీ ఇంటిమీది ఏరియల్ ఏ టవర్ వైపు తిరిగి ఉంటే ఆ టవర్ ప్రాంతపు బులెటిన్ వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు తేడా కొట్టేది ఇక్కడే.

ఏ ప్రాంతపు వార్తలైతే ఏమిటిలే అనుకోకండి. మీ కౌన్సిల్ చెత్త తీసేవాళ్లు సమ్మెకు దిగడం, మీ లైన్‌లో ఆదివారం రైళ్లు ఆపి బస్సులు వేయడం, పక్కవీధి బడిలో సీట్ల గొడవ, మీ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం వేరేచోటికి మార్చాలన్న ఆలోచన, మీ నది పొంగుతుందన్న హెచ్చరిక, ఇవన్నీ జాతీయ వార్తల్లోకి వచ్చేది తక్కువ. వచ్చినా ఒక్క ముక్కలో అయిపోతాయి.

ముందు మీ బులెటిన్ పేరు తెలుసుకోండి. ఈస్ట్ హామ్, హౌన్స్‌లో, హారో లాంటి చోట్ల ఉంటే బీబీసీ లండన్. లెస్టర్, నాటింగ్‌హామ్ వాళ్లకు ఈస్ట్ మిడ్‌లాండ్స్ టుడే. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ వాళ్లకు మిడ్‌లాండ్స్ టుడే. మాంచెస్టర్, లివర్‌పూల్ వాళ్లకు సాల్ఫర్డ్ నుంచి నార్త్ వెస్ట్ టునైట్. బ్రిస్టల్‌కు పాయింట్స్ వెస్ట్, సౌతాంప్టన్‌కు సౌత్ టుడే, కేంబ్రిడ్జ్‌కు లుక్ ఈస్ట్. స్కాట్లండ్‌లో రిపోర్టింగ్ స్కాట్లండ్, వేల్స్‌లో వేల్స్ టుడే, ఉత్తర ఐర్లండ్‌లో న్యూస్‌లైన్. ఉత్తరాన మాత్రం జాగ్రత్త. 'లుక్ నార్త్' అన్న పేరుతోనే మూడు వేర్వేరు బులెటిన్లు నడుస్తాయి: లీడ్స్ నుంచి ఒకటి, న్యూకాసిల్ నుంచి ఒకటి, హల్ నుంచి ఒకటి. షెఫీల్డ్‌లో ఉండేవారికి హల్ బులెటిన్ వస్తున్నా పేరు చూసి సరిగ్గానే ఉందనుకునే ప్రమాదం ఉంది. పేరు కాదు, చివర్లో వచ్చే వాతావరణం మ్యాప్ చూడండి. మీ ఊరు మ్యాప్ మధ్యలో ఎక్కడో ఉంటే సరే. అంచున ఉన్నా, అసలు లేకపోయినా ఇంకో టవర్ పట్టుకుని ఉండొచ్చు.

ఇక్కడి ఇంకో పెద్ద చానెల్ ఐటీవీలో లెక్క కాస్త వేరు. అక్కడ ప్రాంతీయ వార్తలు ముందు, ఆరు గంటలకు వస్తాయి. 2022 మార్చి నుంచి జాతీయ వార్తలు ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నడుస్తున్నాయి. అంటే ఆరింటికి ఐటీవీ, ఆరున్నరకు బీబీసీ పెట్టుకుంటే మీ ప్రాంతం గురించి రెండు చోట్లా వినొచ్చు. పొద్దున ఆఫీసుకు తయారవుతూ చూసేవాళ్లకు బీబీసీ బ్రేక్‌ఫాస్ట్ మధ్యలో దాదాపు అరగంటకోసారి రెండు మూడు నిమిషాల ప్రాంతీయ వార్తలు, వాతావరణం వస్తాయి. మంచు పడ్డ రోజు అవి తప్పకుండా చూడండి. శని, ఆదివారాల్లో బులెటిన్లు చిన్నవి, సమయాలు కూడా మారుతుంటాయి. పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజైతే మరీను.

ప్రాంతం లోపల ఇంకో చిన్న ప్రాంతం కూడా ఉంటుంది. తూర్పు ఇంగ్లండ్‌కు వచ్చే ఐటీవీ ఆంగ్లియా తూర్పు, పడమరగా విడిపోతుంది. మిడ్‌లాండ్స్‌కు వచ్చే ఐటీవీ సెంట్రల్ కూడా అంతే. యార్క్‌షర్‌లో ఐటీవీ బులెటిన్ పేరు 'క్యాలెండర్', దానికీ ఉత్తరం, దక్షిణం ఉన్నాయి. ఒకే స్టూడియో, ఒకే న్యూస్ రీడర్లు, మధ్యలో కొంత భాగం మాత్రం ప్రాంతానికొకటి. ఒక ప్రాంతానికి లైవ్‌లో చదువుతుంటే రెండో ప్రాంతం భాగాన్ని కాసేపటి ముందే రికార్డు చేసి వేయడం మామూలే. బీబీసీలోనూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు ఇలాంటి సొంత బులెటిన్లు ఉండేవి. ఖర్చు తగ్గించుకోవడానికి 2022 డిసెంబర్‌లో రెండింటినీ ఆపేశారు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు సౌతాంప్టన్ నుంచి, కేంబ్రిడ్జ్ వాళ్లకు నార్విచ్ నుంచి వచ్చేవే దిక్కు. మాకు నచ్చని నిర్ణయం ఇది. ఊరికి అంత దూరంలో కూర్చుని ఆ ఊరి కౌన్సిల్ సంగతులు చెప్పడం తేలిక కాదు. పాత సమాచారం నమ్ముకుని లేని బులెటిన్ కోసం వెతక్కండి.

మిల్టన్ కీన్స్ సంగతి చూస్తే మొత్తం అర్థమవుతుంది. ఆ ఊరికి రెండు టవర్లు అందుతాయి. ఏరియల్ శాండీ హీత్ వైపు ఉంటే బీబీసీలో లుక్ ఈస్ట్, ఐటీవీలో ఆంగ్లియా పడమటి భాగం వస్తాయి. ఆక్స్‌ఫర్డ్ టవర్ వైపు ఉంటే బీబీసీలో సౌత్ టుడే, ఐటీవీలో మెరిడియన్ థేమ్స్ వ్యాలీ వస్తాయి. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో వేర్వేరు వార్తలు రావచ్చు. యార్క్‌లోనూ ఇదే తంతు: ఎమ్లీ మూర్ టవర్ అయితే లీడ్స్ బులెటిన్, బిల్స్‌డేల్ టవర్ అయితే న్యూకాసిల్ బులెటిన్.

ఇక సరిచేసుకోవడం. ఏరియల్ మీద వచ్చే ఉచిత టీవీ సేవ పేరు ఫ్రీవ్యూ. దాని వెబ్‌సైట్‌లో కవరేజ్ చెకర్ ఉంటుంది. అందులో పోస్ట్‌కోడ్, ఇంటి నంబర్ వేసి వివరంగా చూపించే ఆప్షన్ ఎంచుకోండి. మీ ఇంటికి ఏ టవర్లు అందుతాయో, ఒక్కోదాని ప్రసారం ఏ చానెల్ నంబర్లలో ఉందో వస్తుంది. కాగితం మీద రాసుకోండి. ఇవి రిమోట్‌లో నొక్కే నంబర్లు కావు, టవర్ వాడే ఫ్రీక్వెన్సీల నంబర్లు. 2020లో టీవీల నుంచి పైభాగం ఫ్రీక్వెన్సీలు మొబైల్ కంపెనీలకు మళ్లించాక ఇవి 21 నుంచి 48 లోపే ఉంటాయి. ఉదాహరణకు లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ టవర్ నుంచి బీబీసీ వన్ ఉన్న చానెళ్ల బొత్తి (ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి వచ్చే చానెళ్లు) 23లో, ఐటీవీ ఉన్నది 26లో వస్తాయి.

ఆ తర్వాత టీవీ మెనూలో సిగ్నల్ వివరాలు చూపించే చోటికి వెళ్లి, బీబీసీ వన్ పెట్టి ఏ నంబర్ మీద వస్తోందో చూడండి. మీ కాగితంలో ఉన్న నంబర్‌తో కలవకపోతే టీవీ వేరే టవర్‌ను పట్టుకుందన్నమాట. ఏరియల్ మార్చకముందు ఒక పని చేయండి. రిమోట్‌లో 800 నొక్కి అక్కడి నుంచి పైకి వెళ్తూ చూడండి. రెండు టవర్లు దొరికినప్పుడు చాలా టీవీలు ఒకదాన్ని 1వ నంబర్‌లో, రెండోదాన్ని 800 తర్వాత దాచిపెడతాయి. మీ ప్రాంతపు బీబీసీ వన్ అక్కడే దొరికితే ఫేవరెట్స్‌లో పెట్టుకోండి, పని అయిపోయినట్టే.

అలా వద్దు, 1వ నంబర్‌లోనే రావాలి అనుకుంటే ఏరియల్ వైరు పీకేసి ఆటో ట్యూన్ నడపండి. ఒక్క చానెల్ కూడా దొరకక పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. తర్వాత వైరు పెట్టి, మాన్యువల్ ట్యూనింగ్‌లో మీరు రాసుకున్న నంబర్లు ఒక్కొక్కటే ఎక్కించండి. ఆటో ట్యూన్ మళ్లీ నడిపితే మళ్లీ కలగాపులగం అవుతుంది కాబట్టి దాన్ని ముట్టుకోకండి. రాత్రి తనంతట తానే రీట్యూన్ చేసుకునే సెట్టింగ్ ఉంటే ఆపేయండి.

ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకుండా ఎండలు కాసే రోజుల్లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతే కంగారుపడకండి. వాతావరణ పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కడో దూరాన ఉన్న టవర్ల సిగ్నళ్లు వచ్చి అడ్డం పడతాయి. రెండు మూడు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. సరిగ్గా అప్పుడే రీట్యూన్ చేస్తే ఉన్న మంచి చానెళ్లు కూడా పోతాయి, దూరపు ప్రాంతం వచ్చి కూర్చుంటుంది.

చుట్టుపక్కల ఇళ్ల పైకప్పులు కూడా చాలా చెప్తాయి. ఏరియళ్ల పుల్లలు నేలకు సమాంతరంగా ఉంటే సాధారణంగా పెద్ద టవర్, నిలువుగా ఉంటే పెద్ద టవర్ సిగ్నల్‌ను ముందుకు అందించే చిన్న రిలే టవర్. రిలే మీద ఉంటే బీబీసీ, ఐటీవీ, చానెల్ 4 వంటి ముఖ్యమైనవి వస్తాయి గానీ మిగతా చానెళ్లు సగం ఉండవు. టీవీ పాడైందని పంపేయకండి. ఫ్లాట్లలో అందరికీ కలిపి ఒకటే ఏరియల్ ఉంటుంది, దాన్ని తిప్పే అధికారం మీకుండదు. బిల్డింగ్ చూసుకునే ఏజెంట్‌కు మెయిల్ పెట్టండి. అద్దె ఇంట్లో అయితే ల్యాండ్‌లార్డ్‌ను అడగకుండా పైకప్పు మీదికి మనిషిని ఎక్కించవద్దు. కిటికీ దగ్గర పెట్టే చిన్న ఏరియల్ కొంటే గది మూల మారితే ప్రాంతమే మారిపోవచ్చు.

గోడకు డిష్ ఉండి ఫ్రీశాట్ బాక్స్ వాడుతుంటే ఈ తిప్పలేవీ లేవు. సెట్టింగ్స్‌లో పోస్ట్‌కోడ్ మార్చితే చాలు. అక్కడ ఇంతకుముందు ఉన్నవాళ్ల పోస్ట్‌కోడే ఉండిపోతుంది, అదే చిక్కు. మిగతా ప్రాంతాల బీబీసీ వన్‌లు 950 నుంచి మొదలయ్యే నంబర్లలో దొరుకుతాయి. కొత్త టీవీల్లో 2024లో వచ్చిన ఫ్రీలీ అనే ఉచిత టీవీ సేవ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, అదీ పోస్ట్‌కోడ్‌తోనే. బీబీసీ యాప్ ఐప్లేయర్‌లో మీ ఖాతాలో ఉన్న పోస్ట్‌కోడ్ పాతదైతే పాత ఊరి వార్తలే వస్తాయి. ఇల్లు మారినప్పుడు బ్యాంకు అడ్రస్‌తో పాటు ఇదీ మార్చుకోండి.

వీటన్నిటికన్నా ముందు టీవీ లైసెన్స్. 2025 ఏప్రిల్‌లో దీన్ని ఏడాదికి 174.50 పౌండ్లు చేశారు. ఈ మొత్తం ఏప్రిల్‌లో మారుతుంటుంది కాబట్టి కట్టేరోజు చూసుకోండి. నెలవారీగా కూడా కట్టొచ్చు. ఏ చానెల్ అయినా లైవ్‌లో చూడాలన్నా, రికార్డు చేయాలన్నా, ఐప్లేయర్‌లో ఏది చూడాలన్నా లైసెన్స్ ఉండాలి. మనవాళ్లు పొరబడేది ఒకచోట: ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెలుగు న్యూస్ చానెల్ లైవ్ పెట్టుకున్నా, క్రికెట్ మ్యాచ్ ప్రసారం లైవ్‌లో చూసినా అదే రూలు వర్తిస్తుంది. టీవీ సెట్ లేదు కదా అంటే కుదరదు. పాత ఎపిసోడ్లు, సినిమాలు ఐప్లేయర్ కాకుండా వేరే యాప్‌లలో ఎప్పుడో చూసుకుంటే అక్కర్లేదు. పట్టుబడి కోర్టు దాకా వెళ్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. ఇల్లంతా ఒకే అగ్రిమెంట్ మీద నలుగురు కలిసి తీసుకుంటే ఒక్క లైసెన్స్ సరిపోతుంది. ఎవరి గదికి వాళ్లు వేరే అగ్రిమెంట్ రాసుకుంటే ఎవరిది వాళ్లు కట్టాల్సి రావచ్చు. చదువు అయిపోయి మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి అడగొచ్చు. తనిఖీకి వచ్చినవాళ్లకు వారెంట్ లేకుండా ఇంట్లోకి వచ్చే హక్కు లేదు. లైసెన్స్ రద్దయింది, ఈ లింక్ నొక్కండి అని వచ్చే మెయిళ్లను నమ్మకండి, వెబ్‌సైట్ మీరే టైప్ చేసుకుని వెళ్లండి.

యాస అందకపోతే రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ నొక్కండి. లైవ్ కాబట్టి అక్షరాలు మాట కన్నా కొన్ని సెకన్లు వెనక వస్తాయి, ఊళ్ల పేర్లు ఒక్కోసారి తప్పుగా పడతాయి.

ప్రాంతీయ బులెటిన్‌లోకి మన వార్త కూడా వెళ్లొచ్చు. బతుకమ్మ, సంక్రాంతి లాంటివి హాలు తీసుకుని పెద్దగా చేస్తున్నప్పుడు మీ సంఘం వారం పది రోజుల ముందే న్యూస్‌రూమ్‌కు మెయిల్ పెట్టాలి. తేదీ, సమయం, హాలు పోస్ట్‌కోడ్, ఎంతమంది వస్తారు, కెమెరా ముందు మాట్లాడగలిగే ఇద్దరి పేర్లు, ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబర్ ఇవ్వాలి. పండుగ గురించి రెండు పేజీలు రాయకండి. అది ఈ ఊరివాళ్లకు ఎందుకు వార్తో మూడు వాక్యాల్లో చెప్పండి. వారాంతంలో కెమెరా మనుషులు తక్కువగా ఉంటారు కాబట్టి వాళ్లు రాలేకపోతే మీరే వీడియో పంపేలా సిద్ధంగా ఉండండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయాలి. పాటలు కలపకూడదు, అక్షరాలు వేయకూడదు. ఒక్కో షాట్‌ను పది సెకన్లు కదపకుండా ఉంచాలి. ఎవరు తీశారో రాయాలి. పిల్లలు కనిపిస్తుంటే వాళ్ల అమ్మానాన్నల అనుమతి ముందే తీసుకుని ఆ మాట మెయిల్‌లో చెప్పాలి. అది లేకపోతే ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు.