ఆన్‌లైన్‌లో అద్దె ఇల్లు వెతకడం ఎలా? (టోకెన్ కట్టే ముందు చదవండి)

హైదరాబాద్‌లో పన్నెండేళ్లలో ఏడు ఇళ్లు మారాను. ఇప్పుడు బంధువుల్లో ఎవరి పిల్లలకు గచ్చిబౌలి వైపు ఉద్యోగం వచ్చినా ఇల్లు చూసిపెట్టే పని నా నెత్తినే పడుతోంది. ఇల్లు చూడటం పెద్ద కష్టం కాదు గానీ, వాళ్లు నాతో చెప్పకుండా ఫోన్‌లో చేసేసిన పనులు సర్దలేక చస్తున్నా.

1. యాప్ పెట్టుకోండి. నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99ఎకర్స్, ఏదైనా పర్లేదు, రెండు చాలు. డబ్బులు కట్టే ప్లాన్ వద్దు. నంబరు ఇచ్చాక ఫోన్లు ఆగవు, ఓనర్‌నని రాసుకున్నవాళ్లలో బ్రోకర్లు బోలెడుమంది. నేను పాత సిమ్ ఒకటి ఇందుకే ఉంచుకున్నా, మీరూ ఉంచుకోండి.

2. రేటు తెలుసుకోండి. ఒకే ఏరియాలో డబుల్ బెడ్‌రూమ్‌లు ఓ పది చూస్తే లెక్క అర్థమవుతుంది. అందరూ ముప్పై వేలు చెబుతున్న చోట ఒకటే పద్దెనిమిదికి దొరుకుతూ, బాల్కనీలో ఊయల, తళతళలాడే కిచెన్ కూడా ఉంటే అది ఎర. ఆ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టండి, అదే హాలు ఇంకో ఊరి ప్రకటనలో కనిపించినా ఆశ్చర్యపోకండి.

3. ఫోన్ చేయండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, అడ్వాన్స్ ఎన్ని నెలలు (ఇక్కడ మామూలుగా రెండు, బెంగళూరు వాళ్లలా ఎక్కువ అడగరు), మంజీర నీళ్లు (అంటే ఊరి కుళాయి నీళ్లు) వస్తాయా, వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తే డబ్బులెవరివి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఎంత పట్టుకుంటారు. జవాబులు రాసుకోండి.

4. టోకెన్, అంటే ఇల్లు మనకే ఆపమని ముందుగా ఇచ్చే డబ్బు. ఇక్కడే అందరూ మునుగుతారు, కాబట్టి కాస్త ఆగి చదవండి.

ఇంట్లో నిలబడి, తాళం తీసి చూసి, ఎదురుగా ఓనర్ ఉంటే తప్ప ఒక్క రూపాయి కూడా పంపకూడదు. "ఇంకో ఇద్దరు చూసుకెళ్లారండి, ఐదు వేలు వేస్తే మీకే ఆపుతా" అన్నా పంపకూడదు. పోతే పోనివ్వండి, అమీర్‌పేటలో బస్సు తప్పిపోతే ఇంకోటి రాదా?

మా పిన్ని కొడుకు విషయం చెబుతా. కొండాపూర్‌లో ఫ్లాట్ అన్నారు, ఫోన్‌లో అవతలివాడు "నేను ఆర్మీలో ఉన్నా, జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయింది" అని యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, ఆధార్ అన్నీ పంపాడు. అంత మర్యాదగా మాట్లాడేవాడు మోసం చేస్తాడా అనుకున్నాడు మావాడు. ముందు గేటు పాస్‌కని రెండు వేలు, ఇల్లు చూశాక వెనక్కి ఇస్తామని. తర్వాత అడ్వాన్స్ వేయమన్నాడు, వేశాడు. ఆ తర్వాత "మీ డబ్బు అకౌంట్స్‌లో ఎక్కలేదు, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే వెనక్కి వస్తుంది, మళ్లీ పంపండి" అన్నాడు. స్కాన్ చేసి పిన్ కొట్టాడు, మళ్లీ పోయాయి. బీటెక్ చదివినవాడండీ! యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ అకౌంట్ నుంచి పోతున్నట్టే. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకీ చెప్పండి.

ఇల్లు నిజంగా ఉండి, తాళం చెవి చేతిలో పెట్టుకుని చూపించినా సరిపోదు. ఖాళీ చేయబోయే అద్దెకుండేవాడే ఓనర్‌నని చెప్పి నలుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోయిన సందర్భాలున్నాయి. కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదు అడగండి. రెండింటిలో పేరు, ఆయన ఆధార్‌లో పేరు, డబ్బు పంపేటప్పుడు యాప్‌లో కనిపించే పేరు, నాలుగూ కలవాలి. చనిపోయిన నాన్నగారి పేరు మీద ఉండటం మన దగ్గర మామూలే, అప్పుడు వాచ్‌మన్‌ని అడగండి. వాచ్‌మన్ భార్యని అడిగితే ఇంకా మంచిది, పోయిన అద్దెవాళ్లు ఎందుకు ఖాళీ చేశారో కూడా చెబుతుంది. అడిగినందుకు ఓనర్ చిరాకుపడితే ఆ ఇల్లు మనకొద్దు. మీ ఆధార్ ఇచ్చేటప్పుడు మాత్రం చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి.

ఇప్పటికే డబ్బు పోయిందా? సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత మీ బ్యాంకుకి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది. మావాడు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఇక ఏమొస్తుంది?

అసలు నన్నడిగితే యాప్ రేటు తెలుసుకోవడానికి మాత్రమే. ఇల్లు దొరికేది ఆదివారం పొద్దున ఏడింటికి ఆ వీధుల్లో నడిస్తేనే. గేటుకి వేలాడే టు-లెట్ బోర్డు మీద నంబరుకి ఫోన్ చేస్తే ఓనర్ పై అంతస్తు నుంచి తొంగిచూస్తాడు, ఇంతకంటే వెరిఫికేషన్ ఏముంటుంది? నా ఏడు ఇళ్లలో ఐదు అలా దొరికినవే. ఆషాఢంలో వెతికితే ఇంకా మేలు, కొత్తింట్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ కాబట్టి అద్దె బేరం ఆడొచ్చు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

5. సాయంత్రం ఏడు తర్వాత ఇంకోసారి వెళ్లండి. బండి పెట్టే చోటు, కుళాయిలో నీళ్ల ధార, పక్కింటి గోల అప్పుడే తెలుస్తాయి. పై అంతస్తు వద్దు, ఎండాకాలం స్లాబు కింద పడుకోలేరు.

6. అగ్రిమెంట్. మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. అడ్వాన్స్ ఎంతిచ్చారో, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అంకెల్లో రాయించండి. చేరే రోజు గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగ్ ఫొటోలు తీసి, సామాను దించకముందే ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి.