బడి చదువుల సంస్కరణపై చర్చ పెట్టాలంటే

‘మన విద్యావ్యవస్థ మారాలి’ అన్న అంశం మీద చర్చ పెట్టకండి. ఆ మాటను కాదనేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి అది చర్చాంశమే కాదు. సర్కారు బడిలో హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా తల్లిదండ్రులతో, టీచర్లతో ఇలాంటి సమావేశాలు చాలానే నడిపాను. మొదట్లో పెద్ద పెద్ద అంశాలు పెట్టేవాణ్ని. రెండు గంటలు మాట్లాడుకుని, ఎవరి అభిప్రాయంతో వాళ్లు ఇంటికి పోయేవాళ్లు.

ప్రశ్నను చిన్నది చేయండి. ‘మూడో తరగతి దాకా లెక్కలు ఏ భాషలో చెప్పాలి?’ ‘ఐదో తరగతి తప్పిన పిల్లను మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టాలా?’ ‘పదిహేను మంది పిల్లలున్న బడిని పక్క ఊరి బడిలో కలపాలా?’ ఇలాంటివి అడిగితే అవునో కాదో చెప్పక తప్పదు, ఎందుకో కూడా చెప్పాల్సి వస్తుంది.

తర్వాత, ఆ ప్రశ్న ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అప్పటి నుంచి కేంద్రానికీ, రాష్ట్రానికీ ఇద్దరికీ అందులో చెయ్యి ఉంది. పిల్లల్ని ఫెయిల్ చేసే సంగతే తీసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపకూడదంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపాలో వద్దో తేల్చుకునే వీలిచ్చింది. మన బడుల విషయంలో ఆ మాట అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వాన్ని. ఢిల్లీని తిడుతూ గంట గడిపితే ఆ గంట వృథా.

మూడోది, మీరు మాట్లాడుకునే చట్టం, విధానం అసలు ప్రతిని చేతిలో పెట్టుకుని పైకి చదవండి. భాష మీద చర్చలో ఇది మరీ ముఖ్యం. 2020 జూలైలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ విద్యా విధానం ఇంగ్లిష్ మీడియాన్ని నిషేధించిందని ఒకరంటారు, అసలు పట్టించుకోలేదని ఇంకొకరంటారు. అందులో ఉన్నది వేరు. సాధ్యమైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా, ఆ పైన కూడా ఇంటి భాషలోనో స్థానిక భాషలోనో బోధన ఉండాలని ఉంది. ‘సాధ్యమైన చోటల్లా’ అన్న ఒక్క ముక్క మీదే సగం చర్చ నడవాలి. సాధ్యమో కాదో ఎవరు చెప్పాలి? పైగా విధానం వేరు, చట్టం వేరు. విద్యాహక్కు చట్టంలో కూడా ‘ఆచరణ సాధ్యమైనంత వరకు మాతృభాషలో’ అనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇంకో మాట: ఇంటి భాష అంటే తెలుగే అనుకోకండి. ఆదిలాబాద్ గోండు పిల్లలకు తెలుగు రెండో భాష.

ఒకసారి నేను మాతృభాష గురించి చాలాసేపు మాట్లాడాక, కూలికి వెళ్లే ఒక తల్లి లేచింది. ‘తెలుగులో చెప్తే బాగా అర్థమవుతుందని నాకూ తెలుసు సార్. కానీ రేపు ఇంగ్లిష్ రాక నా పిల్ల నలుగురిలో నోరు మూసుకుని కూర్చుంటే దానికేం చేద్దాం?’ అంది. అక్కడున్న వాళ్లందరికన్నా ఆమే స్పష్టంగా ఆలోచించింది. ఇంగ్లిష్ బాగా నేర్పడం ఒక ప్రశ్న, అన్ని పాఠాలూ ఇంగ్లిష్‌లో చెప్పడం ఇంకో ప్రశ్న. బోర్డు మీద రెంటినీ వేర్వేరుగా రాశాం. మొదటిదానికి అరగంటలో అందరం ఒక మాట మీదికొచ్చాం. రెండోది తేలలేదు, అయినా గొడవ తగ్గింది. మీ దగ్గరా ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, ముందు విడదీయండి.

అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. విద్య మీద జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని కేంద్రం వేసిన కొఠారీ విద్యా కమిషన్ 1966లోనే చెప్పింది, 2020 విధానం కూడా అదే చెప్పింది. ‘ఆ డబ్బు వస్తే మన బడిలో ముందు ఏం చేద్దాం?’ అని అడగండి చాలు.

సభ నడిపేటప్పుడు తల్లిదండ్రులకే ముందు మాట ఇవ్వండి, టీచర్లు తర్వాత. హెడ్మాస్టరు మాట్లాడాక అమ్మలు నోరు విప్పడానికి టెన్షన్ పడతారు, నేను కళ్లారా చూశాను. జవాబు చెప్పేవాళ్లు అవతలివాళ్ల వాదనను ముందు తమ మాటల్లో చెప్పాలి. అవతలివాళ్లు ‘అవును, నేనన్నది అదే’ అన్నాకే కొనసాగాలి. వాదన గాల్లోకి పోతుంటే, ‘ఈ మార్పు వస్తే సోమవారం పొద్దున మూడో తరగతి పిల్లకు ఏం మారుతుంది?’ అని అడగండి.

చివర్లో మినిట్స్ రాయండి. ఒప్పుకున్నవే కాదు, తేలనివి కూడా. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే కాబట్టి మీ చర్చ అందులోకి చేరాలి. వేలిముద్ర వేసే తల్లి ఉంటే, ఆమె అన్నది ఆమె మాటల్లోనే రాశారో లేదో చదివి వినిపించి, ఆ తర్వాతే ఇంకు ప్యాడ్ ముందు పెట్టండి.