దవడ కీలు నొప్పి నెలల తరబడి వదలకపోతే: లక్షణాన్ని బట్టి ఏం చేయాలి

చెవి రంధ్రానికి కాస్త ముందు చూపుడు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదులుతున్నదే దవడ కీలు. డాక్టర్లు టీఎంజే అంటారు. ఇది ఉన్నచోటే తిరగడంతో సరిపెట్టుకోదు, నోరు బాగా తెరిచినప్పుడు ముందుకు జారుతుంది కూడా. రెండు ఎముకల మధ్య పల్చటి మెత్త ఒకటి ఉంటుంది. కింది దవడ మొత్తం ఒకటే ఎముక కాబట్టి ఒక పక్క కీలు కదిలితే రెండోది కూడా కదలాల్సిందే.

నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు. ఇక్కడ రాసింది అలాంటివాళ్ల కోసం. మీ లక్షణం ఉన్న చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు కానీ మొదటి భాగం మాత్రం దాటెయ్యకండి.

అసలు ఇది కీలు నొప్పేనా?

నడిచినా మెట్లెక్కినా దవడ నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే అది గుండెది కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. దాంతోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణతల దగ్గర తలనొప్పి మొదలై, నములుతుంటే దవడ పీకుతూ, చూపు మసకబారుతుంటే అది కణత దగ్గరి రక్తనాళం వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మొహం కడుక్కున్నా బ్రష్ చేసినా షాక్ కొట్టినట్టు కొన్ని సెకన్లు వచ్చి పోయే నొప్పి నరానిది, న్యూరాలజిస్ట్ చూడాలి. ఒకే పన్ను దగ్గర పోటు, చల్లనీళ్లకు జివ్వుమనడం, వాపు, జ్వరం ఉంటే ముందు పళ్ల సంగతి తేల్చుకోండి. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా నోరు తెరవలేం.

సాయంత్రానికి బుగ్గలు, కణతలు బరువెక్కి నొప్పి పుడుతోంది

నన్నడిగితే దీర్ఘకాలిక నొప్పిలో ముందు వెతకాల్సింది ఇక్కడే. కారణం చాలాసార్లు పగలంతా తెలియకుండా పళ్లు కలిపి ఉంచడం. పటపటా కొరకనక్కర్లేదు, ఊరికే ఆనించి ఉంచినా బుగ్గ కండరాలకు విశ్రాంతి ఉండదు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లకూ కింది పళ్లకూ కలవాల్సిన పని లేదు. మిగతా టైమంతా మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ మాట చెబితే "నోరు మూసుకుంటే పళ్లు కలవవా మరి?" అని అడుగుతారు. కలవాల్సింది పెదాలు.

ముందు ఎప్పుడు బిగుస్తోందో పట్టుకోండి. ఎక్సెల్ షీట్‌లో తేడా వెతికేటప్పుడా, ట్రాఫిక్‌లో బండి నడిపేటప్పుడా, గ్యాస్ సిలిండర్ జరిపేటప్పుడా, ఎవరికో చెప్పాలనుకున్న మాట మింగేసినప్పుడా? ఒక్కొక్కరిది ఒక్కో వేళ. కంప్యూటర్ అంచు మీద, ఫ్రిజ్ తలుపు మీద, బండి అద్దం మూల చిన్న రంగు స్టిక్కర్లు అంటించండి. కళ్ల పడ్డ ప్రతిసారీ పళ్లు కలిసి ఉన్నాయేమో చూసుకోవాలి. కలిసి ఉంటే భుజాలు వదులు చేసి, నోటితో మెల్లగా గాలి వదిలి, పళ్లు విడదీయాలి. "లడ్డు" అనబోయి మొదటి అక్షరం దగ్గర ఆగిపోతే నాలుక కొన ఎక్కడుంటుందో అక్కడ ఉంచి పెదాలు మూయండి. దవడకు అదే విశ్రాంతి స్థితి.

మొదట్లో ఎప్పుడు చూసుకున్నా పళ్లు కలిసే కనిపిస్తాయి. నొప్పి పెరిగిందని కాదు, ఇన్నాళ్లూ జరుగుతున్నది ఇప్పుడు తెలుస్తోంది. బిగించకూడదు బిగించకూడదు అని రోజంతా జపం చేస్తే అదో టెన్షన్ అవుతుంది, స్టిక్కర్ కనిపించినప్పుడు గుర్తు చేసుకుంటే చాలు. చిన్నగా కనిపించే ఈ పని వారాల తరబడి చేస్తే గానీ ఫలితం తెలియదు. అందుకే చాలామంది మధ్యలో వదిలేసి మాత్రల దగ్గరికి వెళ్లిపోతారు.

గోళ్లు, పెన్ను మూత కొరకడం, చూయింగ్ గమ్, గడ్డం కింద చెయ్యి ఆనించి గంటలు కూర్చోవడం, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూర తరగడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంటే తల ముందుకు వాలుతుంది, మెడతో పాటు దవడ కండరాలూ లాగుతాయి. కింద నాలుగు పుస్తకాలు పెట్టి స్క్రీన్‌ను కళ్ల ఎత్తుకు తీసుకురండి. హెల్మెట్ బుగ్గల్ని నొక్కేస్తుంటే సరైన సైజుది కొనుక్కోవాలి. దవడ నొప్పి చూపించి హెల్మెట్ మానేస్తే పోలీసు ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను.

పొద్దున లేవగానే దవడ బిగుసుకుని ఉంటోంది

రాత్రి నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో పక్కన పడుకున్నవాళ్లని అడగండి. ఒంటరిగా ఉండేవాళ్లు అద్దంలో చూసుకోవచ్చు. నాలుక అంచుల్లో పళ్ల అచ్చులు, బుగ్గ లోపల తెల్లటి గీత, అరిగిన పళ్లు ఉంటే అనుమానించాలి. టెన్షన్ ఒక కారణం. మద్యం, సిగరెట్, రాత్రి కాఫీ దీన్ని పెంచుతాయి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ లాంటి మందులతో కొందరికి పళ్లు కొరకడం మొదలవుతుంది. ఆ మందు మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌కే చెప్పండి.

పడుకునే ముందు వేడినీళ్లలో ముంచి పిండిన టవల్‌తో బుగ్గలకు, కణతలకు పదిహేను ఇరవై నిమిషాలు కాపడం పెట్టండి. ఇంట్లో అలవాటైన ఉప్పు మూట కాపడమైనా ఫర్వాలేదు, చర్మం కాలకుండా ముందు మోచేతి మీద చూసుకోవాలి. బోర్లా పడుకుని మొహం పక్కకు తిప్పే అలవాటుంటే మార్చుకోండి.

ఇక నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్ల మీద తొడుక్కునే ప్లేటు. ఇది పళ్లు అరగకుండా కాపాడుతుంది. కొరకడాన్ని మాత్రం ఆపుతుందని హామీ లేదు. దీర్ఘకాలిక నొప్పి మీద 2023లో బీఎంజే పత్రిక ప్రచురించిన వైద్య మార్గదర్శకం వ్యాయామాలు, చేత్తో చేసే ఫిజియోథెరపీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా మాటలతో చేసే వైద్యం)లను ముందు పెట్టింది, తీసి పెట్టుకునే ప్లేట్లను వద్దనే వైపే మొగ్గింది. పళ్లు అరుగుతుంటే గార్డ్ పెట్టుకోవడం సబబే. నొప్పికి అదొక్కటే వైద్యం అంటే మాత్రం నేను ఆలోచిస్తాను. చేయించుకుంటే అన్ని పళ్లనూ కప్పే గట్టి గార్డ్‌ను డాక్టర్ దగ్గర కొలతలిచ్చి చేయించుకోండి. కొన్ని పళ్లనే కప్పేవి నెలల తరబడి వాడితే పళ్ల అమరిక మారిపోవచ్చు.

నమిలితే టక్ టక్ మంటోంది

నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా వట్టి శబ్దమే ఉంటే ఏమీ చేయక్కర్లేదు. మధ్యలో మెత్త కాస్త పక్కకు జరిగి మళ్లీ చోటుకు వచ్చే చప్పుడది, ఎంతోమందికి ఉంటుంది. వినిపిస్తోందా లేదా అని పదేపదే నోరు తెరిచి చూసుకోవడమే కీలును ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది. ఇసుక నలిగినట్టు కరకరలాడితే మాత్రం కీలు అరుగుదల కావచ్చు, ఒకసారి చూపించుకోండి.

నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు

మీ మూడు వేళ్లు ఒకదాని కింద ఒకటి నిలువుగా నోట్లో పట్టాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. నిన్నటిదాకా టక్ మన్న కీలు ఇవాళ చప్పుడు ఆగిపోయి రెండు వేళ్ల దగ్గరే పట్టేస్తే, మెత్త ముందుకు జారి అడ్డుపడిందని అనుమానించాలి. నెలలు ఆగకుండా ఆ వారంలోనే చూపించండి.

నోరు తెరుచుకోవడం నెలల మీద మెల్లమెల్లగా తగ్గుతూ, కారం తగిలితే నోరు మండుతూ, బుగ్గ లోపల తెల్లబారి బిరుసెక్కితే అది కీలు జబ్బు కాదు. గుట్కా, పాన్ మసాలా, వక్క నమిలేవాళ్లకు వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. కొందరిలో ఇది నోటి క్యాన్సర్‌గా మారుతుంది. అలవాటు ఇవాళే మానేసి పెద్ద డెంటల్ ఆసుపత్రికి వెళ్లాలి. వట్టి వక్కే, పొగాకు లేదు కదా అనుకోవద్దు, ఈ జబ్బుకు మూలం వక్కే.

కండరాలు బిగిసి నోరు తెరుచుకోకపోతే కాపడం తర్వాత చిన్న వ్యాయామం చేయొచ్చు. నాలుక కొన అంగిలికి ఆనించి, అది జారకుండా ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకే తెరిచి మూయాలి. ఆరుసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. ఐస్‌క్రీమ్ పుల్లలు దోపి బలవంతంగా సాగదీయడం ఫిజియో దగ్గర ఉండి చూపిస్తే తప్ప వద్దు.

ఆవలిస్తే నోరు మూతపడటం లేదు

కీలు ముందుకు జారి గాడి దాటింది. ఇంట్లోవాళ్లు గుద్దో నెట్టో సరిచేయబోతే ఎముక విరగొచ్చు. గడ్డానికి కింద గుడ్డ ఆసరా పెట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి, డాక్టర్ చేత్తోనే వెనక్కి కూర్చోబెడతారు. తర్వాత ఆవలింత వచ్చినప్పుడల్లా గడ్డం కింద పిడికిలి ఆనించడం అలవాటు చేసుకోవాలి.

చెవిపోటు అంటే ఈఎన్‌టీ డాక్టర్ చెవి బాగుందంటున్నారు

కీలుకూ చెవికీ మధ్య ఉన్నది పల్చటి ఎముకే, నరం కొమ్మా ఉమ్మడే. అందుకే చెవి నిండినట్టుండటం, గింగురుమనడం, పోటు. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే ఈఎన్‌టీ డాక్టరే ఈ చెవి లక్షణాలను దవడతో కలిపి రాశాడు. పళ్లు ఊడి దవడ కిందకు దిగడమే కారణమని ఆయన ఇచ్చిన వివరణ నిలవలేదు, లక్షణాల జాబితా మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. చెవి బాగుందని ఒకసారి తేలాక వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయడం ఆపి, పైన చెప్పిన పళ్లు విడదీసే పని మొదలుపెట్టండి.

తిండి దగ్గర ఇబ్బంది

నొప్పి రేగినప్పుడు ఓ వారం పది రోజులు మెత్తటి తిండి చాలు. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం, రాగి సంకటి, బీరకాయ, సొరకాయ, గుడ్డు, బాగా ఉడికిన చేప. నెలల తరబడి జావలకే పరిమితమైతే కండరాలు నీరసించి, నమలడమంటేనే భయం పట్టుకుంటుంది. తగ్గేకొద్దీ మామూలు తిండికి రావాలి.

పూర్తిగా మానాల్సినవి కొన్నే. చెరుకు గడను పళ్లతో చీల్చడం అందులో మొదటిది. సంక్రాంతికి సకినాలు, జంతికలు, చేగోడీలు కళ్ల ముందుంటే మానడం కష్టమే, చిన్న ముక్కలు చేసుకుని ఒకటో రెండో తినండి. అరిసె గట్టిగా లేకపోయినా సాగుతుంది కాబట్టి నమలడం ఎక్కువ. మొక్కజొన్న పొత్తు గింజలు ఒలుచుకుని, జామకాయ ముక్కలు కోసుకుని తినాలి. జొన్నరొట్టె పప్పులో నాననివ్వండి. మటన్‌కు కుక్కర్‌లో రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. పానీపూరీ తేలిగ్గా కనిపిస్తుంది కానీ మొత్తంగా నోట్లో పెట్టుకోవడానికి నోరు ఎంత తెరవాలో ఈ నొప్పి ఉన్నవాళ్లకే తెలుసు. పెళ్లి భోజనాల దగ్గర బలవంతం చేస్తే "పన్ను నొప్పి పిన్నీ" అంటే సరిపోతుంది. దవడ కీలు అన్నారో, విస్తరి చల్లారేదాకా ప్రశ్నలు.

పళ్ల వైద్యం తర్వాత నొప్పి రేగింది

గంటసేపు నోరు తెరిచి ఉంచితే బాగున్న దవడే అలుస్తుంది. కుర్చీలో కూర్చునే ముందే చెప్పండి: కీలు నొప్పి ఉంది, పని చిన్న చిన్న విడతలుగా చేయాలి, పది నిమిషాలకోసారి నోరు మూసుకోనివ్వాలి. పళ్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ అడిగితే కండరాలకు ఆసరా దొరుకుతుంది. ఇంటికొచ్చాక కాపడం, రెండు రోజులు మెత్తటి తిండి.

మాత్ర వేసుకున్నంతసేపే తగ్గుతోంది

నొప్పి రేగినప్పుడు కొన్ని రోజులు పారాసిటమాల్ లేదా ఇబుప్రోఫెన్ వాడొచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర నెలల తరబడి మింగితే కడుపులో పుండు, బీపీ పెరగడం, కిడ్నీల దెబ్బ మిగులుతాయి. కొందరికి డాక్టర్లు రాత్రిపూట తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్ రాస్తారు. అది డిప్రెషన్ మందు కదా అని కంగారు పడకండి, ఆ మోతాదు నొప్పి కోసమే.

రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం ఉంది

నెలల తరబడి నొప్పి వస్తుంటే మెదడు, నరాలు ఆ సంకేతాన్ని పెంచి వినడం మొదలుపెడతాయి. పందిట్లో మైక్‌సెట్ సౌండు పెంచి వదిలేసినట్టు, పాడేవాడు మెల్లగా పాడినా చెవులు పగులుతాయి. నొప్పి నిజమే, ఎక్స్‌రేలో కనిపించే గాయమే ఉండకపోవచ్చు. నిద్ర చెడితే, ఇంట్లోనో ఆఫీసులోనో ఒత్తిడి పెరిగితే సౌండు ఇంకా పెరుగుతుంది. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లమంటే "నాకేం పిచ్చా?" అనుకోవద్దు. పైన చెప్పిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పని ఈ సౌండు తగ్గించడమే. నొప్పి తగ్గిన రోజున వాయిదా వేసిన పనులన్నీ ఒకేసారి చేసేసి, మర్నాడు మంచం పట్టడం మానుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఈ దశలోనే విసిగిపోయి, వెనక్కి తీసుకోలేని వైద్యాలకు ఒప్పుకునే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గుతుందని పళ్లు అరగదీయడం, నోరంతా క్యాపులు వేయించడం, క్లిప్పులు పెట్టించుకోవడం, మొదటి విజిట్‌లోనే ఆపరేషన్ మాట. ఎవరు చెప్పినా సరే, రెండో అభిప్రాయం తీసుకోకుండా డబ్బు కట్టకండి. ఆపరేషన్ అవసరమయ్యేది కొద్దిమందికే.

ప్రతి డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగం ఉంటుంది, మొదట చూపించాల్సింది అక్కడే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. వెళ్లేటప్పుడు రెండు వారాల చిన్న చిట్టా రాసుకుని తీసుకెళ్లండి: ఏ వేళ నొప్పి పెరిగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు. పాత ఎక్స్‌రేలతో పాటు బీపీ, షుగర్, నిద్ర మందుల చీటీలు కూడా అదే కవర్‌లో పెట్టుకోండి.