నాలుక రుచినీ, ముక్కు రుచినీ విడదీసి గుర్తించడం ఎలా?

జలుబు చేసిన రోజుల్లో ఏం తిన్నా రుచి తెలియడం లేదని అందరం అంటాం. అప్పుడు నాలుకకు వచ్చిన లోటేమీ లేదు. పంచదార తియ్యగానే, ఉప్పు ఉప్పగానే తెలుస్తూ ఉంటాయి. మూసుకుపోయింది ముక్కు. మనం రుచి అని ఒక్క మాటలో చెప్పేదానిలో నాలుక పసిగట్టేది కొంతే ఉంటుంది. తింటున్నది ఫలానా పదార్థమని పోల్చుకునే పని చాలావరకు ముక్కుదే. మంట, చల్లదనం, మెత్తదనం వంటివి నోటిలోని స్పర్శ నరాల ద్వారా తెలుస్తాయి. ఈ మూడింటినీ విడదీసి గమనించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటగదిలో ఉండే వస్తువులు చాలు.

పంచదార, ఉప్పు, నిమ్మకాయ, పాలూ పంచదారా కలపని కాఫీ, బాగా పండిన టమాటా, వేర్వేరు పండ్ల వాసనలున్న జెల్లీ మిఠాయిలు, వెనిలా ఎసెన్స్, నీలం రంగు ఆహార వర్ణకం, దూది పుల్లలు, కళ్ళకు కట్టుకోవడానికి ఒక గుడ్డ సిద్ధం చేసుకోండి. పక్కన సహాయానికి ఒకరుంటే మంచిది. ఏదైనా పదార్థం పడనివారు దాన్ని వాడకూడదు.

మొదటి దశ: నోటిని సిద్ధం చేసుకోండి

పళ్ళు తోముకున్న వెంటనే మొదలుపెట్టకండి. చాలా టూత్‌పేస్టుల్లో నురుగు కోసం వాడే సోడియం లారిల్ సల్ఫేట్ కొంతసేపు తీపిని తగ్గించి చేదును పెంచుతుంది; బ్రష్ చేసిన వెంటనే తాగిన నారింజరసం చేదెక్కడానికి కారణమదే. ఒక గంట ఆగండి. జలుబు ఉన్న రోజున చేసి ప్రయోజనం లేదు. ప్రతి పరీక్షకూ మధ్య గది వేడిమిలో ఉన్న నీటితో నోరు పుక్కిలించాలి.

రెండవ దశ: నాలుకను చూడండి

దూది పుల్లను నీలం వర్ణకంలో ముంచి నాలుక ముందు భాగమంతా పూసి, అద్దం ముందు మంచి వెలుతురులో చూడండి. నీలం రంగు మధ్యలో గులాబీ రంగులో మిగిలిపోయిన గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. రుచి మొగ్గలు ఉండేది వీటిలోనే, కాని అవి కంటికి కనిపించవు. ఒక్కో మొగ్గలో సుమారు 50 నుంచి 100 కణాలుంటాయి. ఈ కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి వాటి స్థానంలో కొత్తవి పుడుతూనే ఉంటాయి కాబట్టి వేడి తగిలి చురుక్కుమన్న నాలుక కొద్ది రోజుల్లోనే తిరిగి రుచులను గుర్తిస్తుంది. నీలం రంగు పట్టిన సన్నటి నూగులాంటి భాగంలో రుచి మొగ్గలు ఉండవు. ఆహారాన్ని పట్టి ఉంచడం, గరుకుదనాన్ని గుర్తించడం దాని పని.

ఇద్దరి నాలుకలను పోల్చి చూస్తే బుడిపెల సంఖ్యలో తేడా తెలుస్తుంది. అయితే ఎక్కువ బుడిపెలు ఉన్నవారికే రుచి బాగా తెలుస్తుందని తీర్మానించడం తొందరపాటు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచినప్పుడు, అది భరించలేనంత చేదుగా ఉందని సహోద్యోగి అంటే, ఆయనకు మాత్రం ఏమీ తెలియలేదు. ఆ తేడా ప్రధానంగా ఒకే జన్యువు వల్ల వస్తుందని తర్వాత తేలింది. ఒకరికి నచ్చిన కూర మరొకరికి చేదనిపిస్తే అది నటనగానీ, మొండితనంగానీ కాకపోవచ్చు. పిల్లల విషయంలో పెద్దలు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

మూడవ దశ: నాలుక పటాన్ని పరీక్షించండి

కొసన తీపి, పక్కల పులుపు, వెనుక చేదు తెలుస్తాయని చూపే బొమ్మను చాలామంది బడిలోనే చదువుకుని ఉంటారు. అది పొరపాటు. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించినవి చిన్నపాటి తేడాలే. 1942లో ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో గీసిన రేఖాచిత్రం వాటిని పెద్దవిగా కనిపించేలా చేసింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్ళీ కొలిచి, ఆ తేడాలు స్వల్పమేనని చూపారు.

పంచదార నీరు, ఉప్పు నీరు, నిమ్మరసం, కాఫీ వేర్వేరు గిన్నెల్లో పోసి, శుభ్రమైన దూది పుల్లతో నాలుక కొసకూ, పక్కలకూ, కాస్త వెనక్కూ అద్దండి. మరీ లోపలికి పెడితే వాంతి వస్తుంది, జాగ్రత్త. అంచుల పొడవునా నాలుగు రుచులూ తెలుస్తాయి. నడిమి భాగంలోనే ఏదీ సరిగా తెలియదు. అయిదవది ఉమామీ. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన రసం నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి దీన్ని గుర్తించారు. పండిన టమాటాను నెమ్మదిగా నమిలి, పులుపూ తీపీ తగ్గాక నాలుకంతా పరుచుకుని నిలిచిపోయే రుచిని గమనిస్తే ఇది అర్థమవుతుంది.

నాలుగవ దశ: ముక్కు మూసుకుని తినండి

ఒక్క ప్రయోగానికే తీరిక ఉంటే ఇదే చేయమంటాను. కళ్ళకు గంతలు కట్టుకుని, ముక్కును వేళ్ళతో గట్టిగా పట్టుకోండి. సహాయకులు ఏ పండు వాసనదో చెప్పకుండా ఒక జెల్లీ మిఠాయి అందిస్తారు. దాన్ని పది పన్నెండుసార్లు నమలండి. తీపి తెలుస్తుంది, కొంచెం పులుపు తెలుస్తుంది, జిగురు తెలుస్తుంది. ఏ పండో మాత్రం చెప్పలేరు. ఇప్పుడు మింగకుండానే ముక్కు వదిలి, నోరు మూసి ఊపిరి బయటకు విడవండి. ఆ క్షణంలోనే పండు పేరు తట్టేస్తుంది.

నమిలినప్పుడు విడుదలైన వాసన అణువులు గొంతు వెనుక నుంచి పైకి, ముక్కు లోపలికి వెళ్ళి, పైభాగంలోని ఘ్రాణ కణాలను తాకుతాయి. మనిషిలో పనిచేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ముక్కు పసిగట్టిన ఈ వాసన నోటిలోనే ఉన్నట్టు అనిపించడమే ఇందులోని విశేషం: నాలుకకు రుచీ స్పర్శా తెలుస్తున్న సమయంలోనే వాసన కూడా అందడంతో మెదడు అన్నింటినీ ఒకచోటికి చేర్చి నోటికి ఆపాదిస్తుంది.

తర్వాత వెనిలాతో చూడండి. గ్లాసు నీటిలో రెండు చుక్కలు వేసి, ముక్కు మూసుకుని తాగితే తీపన్నదే ఉండదు. పంచదార నీటిలో అవే చుక్కలు వేసి ముక్కు తెరిచి తాగితే, పంచదార పెరగకపోయినా తీపి పెరిగినట్టుంటుంది. తియ్యటి పదార్థాలతో కలిపి తిని తిని ఆ వాసనకు మనమే తీపిని అంటగట్టాం.

అయిదవ దశ: కారాన్ని వేరుచేయండి

ముక్కు మూసుకునే చిటికెడు మిరప్పొడి నాలుకపై వేసుకోండి. వాసన పోతుంది, మంట పోదు. మిరపలోని క్యాప్సైసిన్, సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి స్పందించే గ్రాహకాన్నే ప్రేరేపిస్తుంది. ఈ సంగతి 1997లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. పుదీనాలోని మెంథాల్ చల్లదనాన్ని తెలిపే గ్రాహకంపై పనిచేస్తుంది. మంట తగ్గాలంటే నీళ్ళకంటే పాలు మేలు.

ఆరవ దశ: రుచులను కలపండి

నిమ్మరసం కలిపిన నీటిని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో పంచదార కలపండి. రెండింటిలోనూ ఆమ్లం అంతే ఉన్నా, తీపి కలిసినది తక్కువ పుల్లగా అనిపిస్తుంది. చేదు కాఫీలో కొద్దిగా ఉప్పు వేస్తే చేదు అణుగుతుంది. ఉప్పదనం తెలియనంత తక్కువగా వేయడంలోనే నేర్పుంది. అదే ఐస్‌క్రీమ్ కరిగి వెచ్చబడితే మరీ తియ్యగా ఉండేది, తీపి సంకేతం వేడిమితో బలపడటం వల్ల.

ఫలితాలను కాగితంపై రాసి ఉంచుకోండి. ఎప్పుడైనా రుచి పోయిందనిపించి అది వారాల తరబడి తిరిగి రాకపోతే, మూడవ, నాలుగవ దశలను మళ్ళీ చేయండి. దూది పుల్లతో తీపీ ఉప్పూ తెలుస్తూ, ముక్కు వదిలినా పండు పేరు తట్టకపోతే లోపం వాసనలో ఉండవచ్చు. నాలుకకే తెలియకపోతే మందుల ప్రభావం, నోటి జబ్బులు, జింకు లోపం వంటి వేరే కారణాలను వెతకాల్సి ఉంటుంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ తేడాను ముందుగా చెప్పండి.