ఇద్దరు తొక్కే సైకిలు: కుదుపు, చైన్ ఊడటం ఉంటే కొనాలా, వదిలేయాలా?

టాండెం సైకిలు చూడటానికి వెళ్లిన జంట ఒక రౌండు వేసి వచ్చి చెప్పే మాటలు దాదాపు ఒకటే. కాళ్లు కలవడం లేదు, వెనక కుదుపుగా ఉంది, స్పీడు బ్రేకర్ దగ్గర చైన్ ఊడింది. వెంటనే బండి మంచిది కాదనో, తమకు జోడీ కుదరదనో తేల్చేస్తారు. రెండూ తొందరపాటే. ఈ ఫిర్యాదుల్లో కొన్ని పానాతో పోతాయి, కొన్ని ఆ బండి ఉన్నన్నాళ్లూ ఉంటాయి. డబ్బు చేతులు మారకముందే ఏది ఏదో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు టైర్లలో గాలి చూడండి. ఇద్దరి బరువు మోసే టైరును ఒక్కరి బండికి కొట్టినంత గాలితో తొక్కితే వెనక ఊగుతుంది, గోతిలో పడగానే ట్యూబు రిమ్ముకు నలిగి పంక్చరవుతుంది. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకెకు దగ్గరగా కొట్టించండి. "బండి తేలిపోతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. అయినా ఎవరూ చూడరు.

కాళ్లకు టక్‌టక్‌మని కుదుపు, ఎడమవైపు చైన్ ఊడటం

చాలా టాండెంలలో ముందు క్రాంకును (పెడల్ తగిలించిన చేయి) వెనక క్రాంకుతో కలిపేది ఎడమవైపు చైన్. దాన్ని టైమింగ్ చైన్ అంటారు. చక్రాన్ని తిప్పేది కుడివైపు చైన్, అది వెనక క్రాంకు నుంచే వెళ్తుంది. అందుకే టైమింగ్ చైన్ ఊడితే ముందువారి పెడళ్లు ఖాళీగా తిరుగుతాయి, బండిని వెనకవారు ఒక్కరే లాగాలి.

ముందువారు బలం పెట్టి తొక్కినప్పుడు టైమింగ్ చైన్ పై వరస బిగుస్తుంది, వాళ్లు బలం వదిలేసి వెనకవారి బలమే వాళ్ల పెడళ్లనూ తిప్పినప్పుడు కింది వరస బిగుస్తుంది. లూజు ఉంటే ఈ మార్పు జరిగిన ప్రతిసారీ ఇద్దరి కాళ్లకూ దెబ్బ తగులుతుంది. జోడీ కుదరలేదనిపించేది దీనివల్లే.

ఇక్కడ షాపుల్లో చేసేది ఒకటే: చైన్ చేతికి దొరికిన చోట నొక్కి చూసి బిగించేయడం. మర్నాటికి మళ్లీ లూజు. ఇంకా బిగిస్తారు. ఈసారి పెడల్ బరువెక్కుతుంది, కిర్రుమంటుంది, బేరింగులు అరుగుతాయి. చివరికి "బీబీ పోయింది, మార్చాలి" అంటారు (పెడళ్ల ఇరుసు, దాని బేరింగులు కలిపి బీబీ). మొదట్లో బీబీకి ఏమీ కాలేదు. అసలు తప్పు రెండు చోట్ల దాగి ఉంటుంది.

మొదటిది, చైన్‌వీల్ (క్రాంకుకున్న పళ్ల చక్రం) సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోవడం. అప్పుడు ఒక చుట్టులోనే చైన్ ఒకచోట బిగుతుగా, మరోచోట లూజుగా ఉంటుంది. పెడళ్లను వెనక్కి తిప్పుతూ (ఫ్రీవీల్ ఉంది కాబట్టి చక్రం కదలదు) పావు చుట్టుకొకసారి కింది వరసను మధ్యలో వేలితో కిందకీ పైకీ కదపండి. ఎక్కడ తక్కువ కదిలితే అక్కడ చైన్‌వీల్ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. సర్దుబాటు ఎప్పుడూ ఆ గీత దగ్గరే చేయాలి. లూజుగా ఉన్నచోట చూసి బిగిస్తే, బిగుతు చోటుకొచ్చేసరికి పట్టేస్తుంది. బోల్టులతో బిగించిన చైన్‌వీల్ అయితే, అయిదు బోల్టులనూ కాస్త వదులుచేసి, బిగుతు చోట చైన్ మధ్యలో కర్రతో మెల్లగా తట్టండి. చైన్‌వీల్ కొంచెం జరుగుతుంది. తిప్పి, మళ్లీ తట్టి, తేడా తగ్గాక బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించాలి. రివెట్లు కొట్టిన చౌకరకం చైన్‌వీల్‌కు ఈ వైద్యం లేదు. తేడా మరీ ఎక్కువైతే చైన్‌వీలే మార్చుకోవాలి.

రెండోదే అసలు మాయ. చాలా టాండెంలలో ముందు పెడళ్ల ఇరుసు ఒక గుండ్రటి అల్యూమినియం దిమ్మలో కూర్చుంటుంది. దీన్ని ఎక్సెంట్రిక్ అంటారు. ఇరుసు దాని మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. దిమ్మను తిప్పితే ఇరుసు ముందుకు జరిగి చైన్ బిగుస్తుంది, వెనక్కి జరిగితే లూజవుతుంది. కొన్ని బండ్లలో దిమ్మను పట్టి ఉంచేది అడుగున ఉన్న చిన్న మరలు. వాటిని బలంకొద్దీ బిగించేసరికి వాటి మొన అల్యూమినియంలో గుంట చేస్తుంది. ఆ తర్వాత దిమ్మను రెండు మిల్లీమీటర్లు పక్కకు తిప్పి ఎంత జాగ్రత్తగా మర బిగించినా, మొన జారి పాత గుంటలోకే దిగుతుంది, దానితోపాటు దిమ్మ కూడా వెనక్కి తిరుగుతుంది. చేసేవారికి సరిగ్గా బిగించినట్టే కనిపిస్తుంది. చైన్ మాత్రం పాత లూజుకే వచ్చేస్తుంది.

దీన్ని పట్టుకునే ఉపాయం తేలిక. బిగించాక దిమ్మ అంచు మీదా, దాని పక్కన ఫ్రేము మీదా కలిసేలా మార్కర్‌తో ఒకే గీత గీయండి. ఇద్దరూ కూర్చుని రెండు మూడు కిలోమీటర్లు తొక్కండి. మధ్యలో ఒక ఎత్తు ఉండాలి, నెమ్మదిగా బలం పెట్టి ఎక్కాలి. తిరిగి వచ్చేసరికి గీత విరిగి ఉంటే దిమ్మ తిరిగింది. విరగకపోతే తప్పు చైన్‌వీల్‌లోనో, అరిగిన చైన్‌లోనో ఉంది.

పరిష్కారం మర ఇంకా బిగించడం కాదు. ఒకే బిగుతు దిమ్మకు రెండు స్థానాల్లో దొరుకుతుంది, ఇరుసు పై సగంలో ఉన్నప్పుడు ఒకటి, కింది సగంలో ఉన్నప్పుడు ఒకటి. మరలు తీసి, దిమ్మను బయటికి లాగి, గుంటల చుట్టూ పైకి లేచిన అంచులను ఆకురాయితో సమం చేయండి. ఫ్రేము లోపల తుప్పు తుడిచి, దిమ్మకు పలచగా గ్రీజు రాసి, రెండో స్థానానికి తిప్పి పెట్టండి. ఇప్పుడు మర కొత్త లోహం మీద కూర్చుంటుంది. సుద్దగీత దగ్గర చైన్ కిందకీ పైకీ కలిపి 10–12 మిల్లీమీటర్లు కదిలేలా చూసి, మరలను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. ఇరుసు ఎత్తు మారింది కాబట్టి ముందు సీటును కూడా అంతే పైకో కిందకో సర్దాలి. ఇది మరిచిపోతే ముందువారికి మోకాలి నొప్పి మొదలవుతుంది.

చైన్ సాగి దిమ్మను ఎంత తిప్పినా చాలకపోతే, ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలిపి తీయాలి. అంటే 25.4 మి.మీ. తగ్గుతుంది, ఇరుసు 12.7 మి.మీ. వెనక్కి వస్తుంది. కొత్తది వేసేటప్పుడు ఒక ప్యాకెట్ చైన్ చాలదని గుర్తుంచుకోండి. అందులో సాధారణంగా 114 లేదా 116 లింకులుంటాయి, టైమింగ్ చైన్‌కు 150 దాకా పట్టవచ్చు. చైన్ ఎక్కించేటప్పుడు ఒక పన్ను తప్పినా, 38 పళ్ల చైన్‌వీల్‌లో ముందు వెనక పెడళ్ల మధ్య తొమ్మిదిన్నర డిగ్రీల తేడా వస్తుంది. రెండు క్రాంకులనూ నేలకు సమాంతరంగా పెట్టి పక్కనుంచి చూడండి.

రెండు పాత ఫ్రేములు కోసి వెల్డింగ్ చేసిన బండ్లలో ఎక్సెంట్రిక్ ఉండదు, చైన్‌ను నొక్కి బిగుతుగా ఉంచే చిన్న రోలరు ఉంటుంది. అది గట్టిగా బిగించినదై ఉండాలి. కింది వరసకు స్ప్రింగు రోలరు పెడితే వెనకవారి బలం ముందువారి పెడళ్లను తిప్పినప్పుడల్లా అది వంగి కుదుపు తెస్తుంది.

కొనేటప్పుడు చేయాల్సింది: మరలు వదులుచేసి దిమ్మ తిరుగుతుందో లేదో అక్కడే చూపించమనండి. కళింగపట్నం, చింతపల్లి తీరాల ఉప్పుగాలికి ఆరుబయట ఉన్న బండిలో అల్యూమినియం దిమ్మ ఇనుప గొట్టంలో పట్టేసి ఉండవచ్చు. గుంటలు పడటం పెద్ద లోపం కాదు, కొనుక్కోవచ్చు. పట్టేసి కదలకపోతే మాత్రం వదిలేయండి.

వెనకవారి ముఖం ముందువారి వీపుకు తగలడం

దీన్ని పానా బాగుచేయదు. ముందు సీటు పోస్టు మధ్య నుంచి వెనక సీటు పోస్టు మధ్యకు టేపు పెట్టి కొలవండి. 60 సెంటీమీటర్లున్న పాతరకం ఫ్రేముల్లో పెద్దవారికి ఇరుకు, 70 దాటితే హాయి. వెనక హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) మార్చితే చేతులకు కొంత వెసులుబాటు వస్తుంది గాని చోటు రాదు. ముందువారు ఆగినచోట రెండు కాళ్లూ నేలకు ఆనించి, వెనకవారి బరువుతో సహా బండిని పట్టగలగాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఆగీ ఆగీ కదలాల్సి వస్తే ఇదే ముఖ్యం. అందుకే ముందు ఫ్రేము పెద్దదైతే, బండి ఎంత బాగున్నా వద్దు.

వెనక చక్రం పుల్లలు విరగడం

పుల్లలు లెక్కపెట్టండి. మన పాత రోడ్‌స్టరు సైకిలుకే వెనక 40 ఉండేవి. ఇద్దరిని మోసేదానికి 32 చాలవు. కనీసం 36, వీలైతే 40 ఉన్నది చూడండి. విరిగిన ఒక్కటే మార్చి బెండు తీయిస్తే కొన్నాళ్లకే పక్కది విరగవచ్చు.

దిగేటప్పుడు బ్రేకు పట్టకపోవడం, రిమ్ము కాలడం

ఊళ్లో తిరగడానికి మంచి రిమ్ము బ్రేకు చాలు. అరకు దారిలోని అనంతగిరి నుంచి ఎస్.కోటకు (శృంగవరపుకోట) ఘాట్ రోడ్డు దిగే ఆలోచన ఉంటే మాత్రం వెనక పెద్ద డిస్కు బ్రేకు ఉన్నదే తీసుకోండి. రిమ్ము బ్రేకును ఆపకుండా పట్టి ఉంచితే వేడికి ట్యూబు పేలవచ్చు.

ఇక అరుదైనవి. ఎడమ పెడల్ పదేపదే వదులైతే, ఎడమవైపు కుడి క్రాంకు వేశారేమో చూడండి. మర తప్పువైపు తిరుగుతుంది, క్రాంకు మార్చడమే దారి. ఫోర్కు వంకర, బేరింగు పగలడం లాంటివి తక్కువ, మొదట అటు పోనక్కర్లేదు. వెల్డింగు బండి అయితే మాత్రం కింది గొట్టం అతుకుల దగ్గర వేలుపెట్టి తడమండి. రంగు సన్నగా చీలి ఉంటే, లోపల తుప్పు గీత కనబడితే ఆ బండి వద్దు.