నడివయసులో పాత లేజర్ పడవ: కొనడం, పందేలకు సిద్ధం కావడం

నలభై అయిదేళ్లు దాటిన తర్వాత తెరచాప పడవ నేర్చుకుని పందేలలో దిగాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి నేను నిస్సంకోచంగా ఇచ్చే సలహా ఒక్కటే: ఒక్కరే నడిపే పాత లేజర్ పడవను వెతికి కొనుక్కోండి. ఇద్దరు నడిపే పడవైతే ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు అన్నీ పోను ఇద్దరికీ తీరిక కుదిరిన రోజునే నీళ్లలోకి దిగాలి. లేజర్‌కు ఆ బెడద లేదు. కెనడా పడవల రూపకర్త బ్రూస్ కిర్బీ తీర్చిదిద్దిన ఈ పడవ 1971లో అమ్మకానికి వచ్చింది. పొడవు 4.23 మీటర్లు, హల్ (తెరచాప, దాని స్తంభం లేని ఉత్త పడవ) బరువు సుమారు 59 కిలోలు. 1996 నుండి ఒలింపిక్ పోటీలలో ఉంది, 2019 నుండి దీనిని అధికారికంగా ఐఎల్‌సీఏ (అంతర్జాతీయ లేజర్ క్లాస్ సంఘం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు) అని పిలుస్తున్నారు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ పోటీ పడింది ఈ తరగతిలోనే. హల్ ఆకారం ఇన్నేళ్లుగా మారలేదు కాబట్టి, చక్కగా చూసుకున్న పాత పడవ కొత్త పడవలతో కలిసి అదే పందెంలో పాల్గొనగలదు. పాతది కొనడంలో ఉన్న అసలు లాభం ఇదే.

హల్ ఒకటే అయినా దానిపై మూడు పరిమాణాల తెరచాపలు వాడవచ్చు. ఐఎల్‌సీఏ 7 తెరచాప విస్తీర్ణం 7.06 చదరపు మీటర్లు, ఐఎల్‌సీఏ 6ది 5.76, ఐఎల్‌సీఏ 4ది 4.7. తెరచాపతో పాటు మాస్టు (తెరచాపను నిలిపే నిలువు స్తంభం) కింది ముక్క మాత్రమే మారుతుంది; పై ముక్క, బూమ్ (తెరచాప అడుగున అడ్డంగా ఉండే కడ్డీ), చుక్కాని అన్నీ మూడింటికీ ఒకటే. డెబ్బై కిలోల లోపు బరువున్నవారు, అంతకు మించి బరువున్నా తెరచాపకు కొత్తవారు, 6తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. మగవారిలో చాలామంది పెద్ద తెరచాప అయితేనే పందెం అనుకుంటారు, కానీ గాలి బలంగా ఉన్న రోజున 7ను అదుపు చేయడానికి కావలసిన బలం నడివయసులో కొత్తగా మొదలుపెట్టినవారికి వెంటనే రాదు. తరువాత 7 కావాలనుకుంటే ఆ తెరచాప, మాస్టు కింది ముక్క విడిగా కొనుక్కుంటే సరిపోతుంది.

పడవ కోసం హైదరాబాదుకో చెన్నైకో వెళ్లక తప్పదు. హుస్సేన్ సాగర్‌పై పనిచేసే సెయిలింగ్ క్లబ్బులలోనూ, 1911 నాటి రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్బు పరిసరాలలోనూ అడిగితే, అమ్మేవారి వివరాలు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాయి. ఉప్పునీటిలో తిరిగిన పడవలో అల్యూమినియం మాస్టును, స్టీలు రివెట్లు ఉన్నచోట మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఆ రెండు లోహాలు ఉప్పు తడిలో కలిసి ఉన్నచోట అల్యూమినియం తినేసి తెల్లని పొడి రాలుతుంది. కాక్‌పిట్‌లో (నడిపేవారు కాళ్లు పెట్టే గుంటలో) తయారీ పలక ఉందో లేదో, అమ్మేవారి కాగితాలలోని నంబరుతో అది సరిపోతుందో లేదో అప్పుడే సరిచూసుకోవాలి.

పడవను పరీక్షించేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు మాస్టు దిగే గొట్టం. గాలి బలమంతా అక్కడికే చేరుతుంది. అక్కడ పగులు ఉంటే ఒకనాడు మాస్టు డెక్కును (పడవ పైకప్పును) చీల్చుకుని పడిపోతుంది. ఆ గొట్టాన్ని అంచు వరకు మంచినీటితో నింపి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, పావుగంట ఆగి చూడండి. నీరు గీత కంటే దిగితే గొట్టం అడుగున కారుతున్నదని అర్థం. ఆ నీటిని తోడేసి టార్చి వేసి చూస్తే, ఇసుక చేరి మాస్టు తిరిగిన చోట అడుగు ఎంత అరిగిందో కూడా కనిపిస్తుంది. తరువాత గొట్టం చుట్టూ డెక్కును బొటనవేలితో గట్టిగా నొక్కుతూ రావాలి. గట్టిగా ఉండవలసిన డెక్కు లోపలికి వంగి, వేలు తీయగానే తిరిగి పైకి లేస్తే, లోపలి ఫోము పొర విడిపోయినట్లే. కాళ్లు పెట్టే కాక్‌పిట్ నేలను కూడా ఇలాగే నొక్కి చూడండి. డెక్కు, హల్ కలిసే అంచు పొడవునా రూపాయి నాణెంతో తట్టుకుంటూ వెళితే, అతుకు ఊడిన చోట శబ్దం టంగుమనడం మాని మొద్దుగా వినిపిస్తుంది. వెనుక ఉన్న డ్రెయిన్ బిరడా తీసి, ముందు భాగాన్ని ఎత్తి పట్టుకుని నీరు కారనివ్వండి; ఆపై పడవను తూకం వేయించండి. నీరంతా కారిన తర్వాత కూడా బరువు 59 కిలోల కంటే చాలా ఎక్కువగా ఉంటే ఫోము నీటిని పీల్చుకుంది, అలాంటి పడవ ఎంత చవకైనా తీసుకోవద్దు.

మాస్టు ముక్కలను చదునైన గచ్చుపై దొర్లిస్తే వంపు వెంటనే తెలిసిపోతుంది. పై ముక్క సాధారణంగా రెండు ముక్కలు కలిసే చోట వంగుతుంది. డాగర్ బోర్డును (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దించే పలకను), చుక్కాని పలకను కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకుని, వంకర ఉందేమో, వెనుక అంచులు పెచ్చులూడాయేమో చూడాలి. తాళ్లు, పుల్లీలు, కాళ్ల పట్టీ పాతవైతే దిగులు పడనక్కరలేదు, అవి మార్చుకోగలిగినవే. తెరచాప గుడ్డ మెత్తబడి సంచిలా ఉబ్బుతున్నా శిక్షణకు పనికివస్తుంది; పందెంలో మాత్రం క్లాస్ సంఘం ఆమోదం ఉన్న తెరచాపే వాడాలి కాబట్టి ఆ ఖర్చును బేరం నాడే లెక్కలో వేసుకోండి.

పైపై గీతలు, చిన్న పగుళ్లు ఉంటే మన తీరంలోనే బాగు చేయించుకోవచ్చు. చేపల వేటకు వెళ్లే పడవలలో ఎక్కువ భాగం ఫైబరువే కనుక, తీర గ్రామాలలో ఆ పని తెలిసినవారు దొరుకుతారు. వారు వేట పడవకు అలవాటైన కొలతలో ఫైబరు మ్యాటు మీద మ్యాటు పరిచి రెజిన్ దట్టంగా పట్టిస్తారు. లేజర్‌కు పలుచని పొర చాలునని, అరగదీసి నునుపు చేయాలని దగ్గరుండి చెప్పి చేయించుకోవాలి. మాస్టు గొట్టం మరమ్మతు మాత్రం లేజర్ పని తెలిసినవారికే అప్పగించండి.

ఇంటికి తెచ్చుకోవడానికి 14 అడుగుల తొట్టి ఉన్న లారీ సరిగ్గా సరిపోతుంది. డెక్కు కిందికి వచ్చేలా పాత పరుపులపై బోర్లించి, వెడల్పాటి పట్టీలతో కట్టాలి.

సాధన ఎక్కడ చేయాలన్న విషయంలో తొందర పనికిరాదు. మైపాడు, కొత్తపట్నం తీరాలను చూస్తే నేరుగా సముద్రంలోకే దిగాలనిపిస్తుంది, కానీ అక్కడ ఒడ్డున విరిగే అలలను దాటడమే కొత్తవారికి పెద్ద పరీక్ష. పైగా జూన్, జులై నెలలలో వీచే పడమటి గాలి ఒడ్డు నుండి సముద్రం లోపలికి తోస్తుంది; ఒడ్డు దగ్గర నీరు ప్రశాంతంగా కనబడుతూనే, తిరిగి రాలేనంత దూరం పడవను తీసుకుపోతుంది. ఆ గాలిలో ఒంటరిగా సముద్రంలోకి వెళ్లకూడదు. మధ్యాహ్నం నుండి సముద్రం మీదుగా వచ్చే గాలి నేర్చుకునేవారికి అనుకూలం, ఎందుకంటే ఏది తప్పినా అది ఒడ్డుకే చేరుస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపాను హెచ్చరికలు చూడకుండా బయలుదేరవద్దు. మొదటి నెలలకు సోమశిల, గుండ్లకమ్మ వంటి జలాశయాలే మంచివి. అయితే జలవనరుల శాఖ ఇంజనీరు వద్ద అనుమతి తీసుకోవాలి, గేట్ల వైపు అసలు పోకూడదు. డాగర్ బోర్డు పూర్తిగా దించితే సుమారు 80 సెంటీమీటర్ల లోతు కావాలి కాబట్టి, నీరు తగ్గిన కాలంలో మునిగి ఉన్న తుమ్మ మోళ్లు ఎక్కడున్నాయో చేపలు పట్టేవారిని అడిగి తెలుసుకోండి. లైఫ్ జాకెట్, ఈల, నీరు చొరని సంచిలో ఫోను లేనిదే ఒడ్డు విడవవద్దు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డు నంబరు 1554.

పడవ బోల్తా పడటం ఈ ఆటలో మామూలు విషయం. మెయిన్ షీట్ (తెరచాపను అదుపు చేసే తాడు) వదిలేసి, పడవను వదలకుండా ఈదుతూ చుట్టి వెళ్లి, డాగర్ బోర్డుపై బరువు మోపి, ముందు భాగం గాలికి ఎదురు తిరిగాక పైకి లాగాలి. అలసట లేని రోజున, ఒడ్డున ఎవరైనా చూస్తుండగా దీనిని పదే పదే సాధన చేయండి. లోతు తక్కువైన చోట మాత్రం వద్దు, మాస్టు కొన బురదలో దిగబడి వంగిపోతుంది. పడవ బయటికి వాలి కూర్చోవడం మోకాళ్లకు, నడుముకు భారం కనుక, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్లు నిలిచే వ్యాయామాన్ని రోజూ చేయాలి. బీపీ, గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

మొదటి పందానికి ప్రతి ఏటా వానాకాలంలో హుస్సేన్ సాగర్‌పై జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను లక్ష్యంగా పెట్టుకోవచ్చు. చుట్టూ భవనాలు ఉండటం వల్ల అక్కడ గాలి దిశ తరచూ మారుతుంది, కాబట్టి బలం కంటే ఓపికగా గమనించేవారికి లాభం ఎక్కువ. పేరు ఇచ్చే ముందు నోటీస్ ఆఫ్ రేస్ (నిర్వాహకులు ఇచ్చే పోటీ ప్రకటన) పూర్తిగా చదివి, సభ్యత్వాలు, బీమా, కొలతల షరతులు సరిచూసుకోండి. లేజర్ మాస్టర్స్ పోటీలలో 45 నుండి 54 వరకు మాస్టర్, 55 నుండి 64 వరకు గ్రాండ్ మాస్టర్, 65 నుండి 74 వరకు గ్రేట్ గ్రాండ్ మాస్టర్, 75 దాటితే లెజెండ్ అనే విభాగాలున్నాయి. యాభై ఏళ్లకు మొదలుపెట్టినవారికి కూడా ఎదగడానికి కావలసినంత కాలం ఉంది.

నియమాలలో ముందుగా రెండు ఒంటబట్టాలి. ఎదురెదురుగా వచ్చే రెండు పడవలలో, గాలి కుడి పక్క నుండి తగులుతున్న పడవకు రెండోది దారి ఇవ్వాలి. గాలి ఒకే పక్క నుండి తగులుతూ పక్కపక్కన పోతుంటే, గాలి వచ్చే వైపున ఉన్నది తప్పుకోవాలి. పందెం మొదలయ్యే ముందు అయిదు, నాలుగు, ఒకటి నిమిషాల సంకేతాలు వస్తాయి. కొత్తవారు పందెం మొదలయ్యే గీత మధ్యన గుంపులో ఇరుక్కోకుండా, కాస్త ఖాళీ ఉన్నచోట ఆఖరి క్షణాన వేగం అందుకునేలా నిలబడటం మంచిది. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో దానికి రెండు. మొత్తం తక్కువ వచ్చినవారే విజేత. అందువల్ల ఒక పందెంలో మెరవడం కంటే అన్నిటినీ పూర్తి చేయడంపై దృష్టి పెట్టండి. ఇతర పడవ దారికి అడ్డుపడితే వెంటనే పక్కకు వెళ్లి రెండు చుట్లు తిరగాలి, పందెం దారిని చూపే తేలే గుర్తును (బాయాను) తాకితే ఒక చుట్టు చాలు. మీకే అన్యాయం జరిగితే అప్పటికప్పుడే ‘ప్రొటెస్ట్’ అని గట్టిగా అరవాలి. లేజర్ ఆరు మీటర్ల లోపు పడవ కాబట్టి ఎర్ర జెండా ఎగరవేయనక్కరలేదు, ఒడ్డుకు వచ్చాక గడువు లోపల ఫారం ఇస్తే విచారణ జరుపుతారు.